ఆరోగ్య బీమాలో 'మూలకణ చికిత్స': ఒక మాట, రెండు అర్థాలు - దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వృద్ధుల నేపథ్యం

వ్యాస సంగ్రహం:

'మూలకణ చికిత్స' అనే మాట నేడు ప్రధానంగా రెండు చోట్ల కనిపిస్తున్నది. మొదటిది ఆరోగ్య బీమా పాలసీ. రెండవది మోకాళ్ళ అరుగుదల, పక్షవాతం, చూపు మందగించడం వంటి వృద్ధాప్య సమస్యలకు చికిత్స చేస్తామని చెప్పే ప్రకటన. రెండు చోట్లా మాట ఒక్కటే అయినా అది సూచించే వస్తువు ఒక్కటి కాదు. పాలసీలోని మాటకు రక్తవ్యాధులలో జరిగే ఎముక మూలుగ మార్పిడి అని అర్థం. ప్రకటనలోని మాటకు అధిక భాగం ఇంకా పరిశోధన దశలోనే ఉన్న ప్రయోగాలని అర్థం. ఈ భేదం తెలియక వృద్ధులు రెండు విధాల నష్టపోయే అవకాశం ఉంది: వర్తించని చికిత్సకు బీమా వస్తుందని నమ్మడం, వర్తించే చికిత్సకు బీమా రాదని వదులుకోవడం. హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాలను నేపథ్యంగా తీసుకొని, ఈ మాట అర్థపరిధిని, బీమా నిబంధనల పనితీరును, వృద్ధులకున్న మార్గాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: మూలకణం, ఎముక మూలుగ మార్పిడి, ఆరోగ్య బీమా, వృద్ధులు, మినహాయింపు, ఉప పరిమితి, బీమా అంబుడ్స్‌మన్, పారిభాషిక పదం.

1. ఉపోద్ఘాతం:

దిల్‌సుఖ్‌నగర్ అనగానే శిక్షణ కేంద్రాలు, వసతిగృహాలు, యువతరం గుర్తుకు వస్తాయి. కానీ ఆ ప్రధాన రహదారికి రెండు వైపులా ఉన్న చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్, సైదాబాదు కాలనీలలోను, ఎల్బీనగర్ దాటిన తర్వాత వనస్థలిపురంలోను మరొక తరం నివసిస్తున్నది. ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు, గుమాస్తాలు, నల్లగొండ వైపు నుంచి పిల్లల దగ్గరికి వచ్చి స్థిరపడిన తల్లిదండ్రులు ఈ తరంలో ఉన్నారు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 60 ఏళ్ళు నిండిన వారిని వయోవృద్ధులుగా నిర్వచించింది. వీరిలో కొందరికి పింఛనుతో పాటు వైద్య సదుపాయం ఉంటుంది. కొందరు పిల్లలు కట్టిన కుటుంబ పాలసీలో సభ్యులు. మరికొందరికి ప్రభుత్వ పథకమే ఆధారం.

ఈ కుటుంబాలలో వైద్యం గురించిన నిర్ణయాలు చాలావరకు తెలుగులోనే జరుగుతాయి. ఆ నిర్ణయానికి ఆధారమైన పాలసీ పత్రం మాత్రం సాధారణంగా ఆంగ్లంలో ఉంటుంది. రోగి విన్న తెలుగు మాటకు, సంస్థ రాసుకొన్న ఆంగ్ల నిర్వచనానికి మధ్య దూరం ఎంతో ఈ చికిత్స విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. అందువల్ల దీనిని వైద్య, ఆర్థిక సమస్యగానే కాక భాషా సమస్యగా కూడా పరిశీలించవలసి ఉంది.

2. 'మూలకణం' - మాట పుట్టుక, అర్థచ్ఛాయలు:

జర్మన్ జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ 1868లో 'స్టామ్‌ట్సెల్లె' అనే మాటను ప్రయోగించాడు. 'స్టామ్' అంటే చెట్టు మాను, వంశకాండం. కొమ్మలన్నీ ఒకే మాను నుంచి చీలినట్లు జీవులన్నీ ఒకే ఆదికణం నుంచి విడివడ్డాయన్నది అతని ఊహ. ఆంగ్లంలో అది 'స్టెమ్ సెల్' అయింది. అంటే ఆంగ్లంలోనూ మిగిలినది కాండమే. తెలుగు మాత్రం కాండాన్ని విడిచి వేరును పట్టుకొన్నది, 'మూలకణం' అన్నది.

భావపరంగా ఈ అనువాదంలో దోషం లేదు. ఇతర కణాలు పుట్టడానికి ఆధారమైన కణం కాబట్టి అది మూలమే. అయితే తెలుగులో 'మూలం' మోసే బరువు ఎక్కువ. మూలపురుషుడు, మూలధనం, మూలవిరాట్టు అన్నప్పుడు అది ఆధారాన్ని, ఆధిక్యాన్ని సూచిస్తుంది. 'సమూలంగా', 'మూలకారణం' అన్నప్పుడు వ్యాధిని వేరుతో సహా పెకలించడం స్ఫురిస్తుంది. అందువల్ల 'మూలకణ చికిత్స' అన్న మాట వినగానే 'రోగాన్ని మూలం నుంచి నయం చేసే చికిత్స' అనే భావం శ్రోతకు అప్రయత్నంగా కలుగుతుంది. శాస్త్రం ఇవ్వని హామీని ఇక్కడ సమాసమే ఇస్తున్నది. ప్రకటనలకు ఈ అర్థచ్ఛాయ బాగా ఉపకరిస్తుంది.

ఇక్కడే మరొక పోలికను గమనించాలి. ఎముకల లోపలి మెత్తని పదార్థానికి తెలుగులో 'మూలుగ' అని పేరు. సంస్కృత 'మూలం'తో దీనికి సంబంధం లేదు. ధ్వనిలో మాత్రమే దగ్గర. కానీ వైద్యపరంగా నిర్ధారణ పొందిన మూలకణ చికిత్సలో ముఖ్యమైనది మూలుగకు సంబంధించినదే. 'మూలకణం' అని వినబడిన చోట 'మూలుగ' ఉందా అని వెతకడం బీమా విషయంలో ఒక పనికివచ్చే సూత్రం. దీనికి కారణం తరువాతి విభాగంలో తెలుస్తుంది.

3. పాలసీ చెప్పే మూలకణ చికిత్స:

దేశంలోని బీమా సంస్థలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే, నగర పశ్చిమాన నానక్‌రామ్‌గూడలో ఉంది. ఈ సంస్థ 2019 సెప్టెంబరులో ఆరోగ్య బీమా మినహాయింపులను ప్రామాణీకరిస్తూ మార్గదర్శకాలు వెలువరించింది. అంతకు ముందు ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క తీరున రాసుకొన్న మినహాయింపులకు ఒకే వాక్యరూపం, ఒకే సంకేత సంఖ్య ఏర్పడ్డాయి. ఆధునికమన్న కారణంతో పాలసీ నుంచి తొలగించకూడని 12 చికిత్సల జాబితాను కూడా ఆ మార్గదర్శకాలు ఇచ్చాయి. రోబోటిక్ శస్త్రచికిత్సలు, నోటి ద్వారా ఇచ్చే కీమోథెరపీ, కంటి లోపలికి ఇచ్చే ఇంజెక్షన్లు, మెదడు లోతున విద్యుత్ ప్రేరణ, ప్రోస్టేట్ లేజర్ చికిత్స వంటివి అందులో ఉన్నాయి. వీటిలో చాలావాటి అవసరం వృద్ధాప్యంలోనే ఎక్కువగా కలుగుతుంది.

ఆ జాబితాలో మూలకణ చికిత్స కూడా ఉంది. అయితే ఆ పేరును అనుసరించి ఒక వివరణ ఉంది: రక్త సంబంధ వ్యాధులకు జరిపే ఎముక మూలుగ మార్పిడిలో వాడే, రక్తాన్ని పుట్టించే మూలకణాలకు బీమా వర్తించాలి. పేరు విశాలం, వివరణ సంకుచితం. పాలసీ పట్టికలో పేరును మాత్రమే చదివినవారికి అన్ని మూలకణ చికిత్సలూ వర్తిస్తాయనిపిస్తుంది. వివరణ చదివినవారికి హామీ లభించినది ఒక్కదానికే అని తెలుస్తుంది. 2024లో బీమా నిబంధనలు కొత్త రూపం పొందినా, పాలసీ పత్రాలలో ఈ జాబితా, ఈ పదబంధం ఇంచుమించు ఇలాగే కొనసాగుతున్నాయి.

ఈ వాక్యాన్ని చదివేటప్పుడు ఒక తార్కిక విషయం మరువకూడదు. ఆ జాబితా తప్పక చేర్చవలసిన వాటిని చెబుతున్నది; మిగిలినవాటిని తప్పక తొలగించాలని చెప్పడం లేదు. అంటే అది కనిష్ఠ హద్దు మాత్రమే. జాబితాలో లేని చికిత్సకు బీమా వర్తించకపోతే దానికి పాలసీలోని మరొక నిబంధన కారణం కావాలి. 'జాబితాలో లేదు' అన్న ఒక్క మాట తిరస్కారానికి సరిపోదు.

4. వృద్ధులకు ఆ చికిత్స అవసరమయ్యే సందర్భాలు:

రక్తకణాలకు జన్మనిచ్చే కణాలు ఉన్నాయని కెనడాకు చెందిన టిల్, మెకల్లక్ 1961లో ప్రయోగపూర్వకంగా నిరూపించారు. మూలుగ మార్పిడికి ఆద్యుడైన డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి లభించింది. భారతదేశంలో తొలి మార్పిడి 1983లో ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో జరిగింది. అంటే ఇది నాలుగు దశాబ్దాలకు పైగా మన దేశంలో స్థిరపడిన వైద్యం.

ఇది పిల్లలకు, యువకులకు మాత్రమే చేసే చికిత్స అన్న అభిప్రాయం సరికాదు. మల్టిపుల్ మైలోమా అనే రక్తక్యాన్సరు ప్రధానంగా పెద్ద వయసులో వచ్చే వ్యాధి. నడుము నొప్పి, ఎముకలు సులభంగా విరగడం, రక్తహీనత, మూత్రపిండాల బలహీనత దీని లక్షణాలు. వీటిని 'వయసు మీద పడింది' అనుకొని ఉపేక్షించే ప్రమాదం ఉంది. ఇందులో రోగి మూలకణాలనే ముందుగా రక్తం నుంచి యంత్రం ద్వారా వేరుచేసి భద్రపరుస్తారు. అధిక మోతాదులో మందు ఇచ్చి వ్యాధికణాలను నశింపజేసిన తర్వాత వాటిని తిరిగి సిర ద్వారా ఎక్కిస్తారు. రోగి సాధారణంగా రెండు మూడు వారాలు ఆసుపత్రిలో ఉండవలసి వస్తుంది. కొన్ని లింఫోమాలకు కూడా ఇదే పద్ధతి. తీవ్ర మైలాయిడ్ లుకేమియా, మైలోడిస్‌ప్లాసియా వంటి వ్యాధులలో దాత కణాలు అవసరమవుతాయి. ఒకప్పుడు 65 ఏళ్ళను హద్దుగా భావించేవారు. ఇప్పుడు వయసు అంకె కన్నా గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాల స్థితికి, రోగి దారుఢ్యానికి ఎక్కువ ప్రాధాన్యం ఇస్తున్నారు.

హైదరాబాదులో పంజాగుట్టలోని నిమ్స్ ఈ మార్పిడులు చేసే ప్రభుత్వరంగ సంస్థ. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్, పంజాగుట్ట ఒకే మెట్రో మార్గం మీద ఉన్నాయి. కాబట్టి ఈ ప్రాంత వృద్ధులకు చికిత్స జరిగే చోటు భౌగోళికంగా దూరం కాదు. దూరం కలుగుతున్నది సమాచారంలో.

5. ప్రకటన చెప్పే మూలకణ చికిత్స:

ప్రకటనలలో మూలకణ చికిత్స ఎక్కువగా మోకాలి కీలు అరుగుదలకు సంబంధించినది. రోగి కటి ఎముక మూలుగ నుంచో పొట్టలోని కొవ్వు నుంచో తీసిన ద్రవ్యాన్ని గాఢపరచి కీలులోకి ఎక్కిస్తారు. శస్త్రచికిత్స అవసరం ఉండదని, రోగి సొంత కణాలే కాబట్టి హాని ఉండదని చెప్పడం ఈ ప్రకటనల సాధారణ ధోరణి. కొన్నిచోట్ల ఇదే వరుసలో పక్షవాతం, పార్కిన్సన్ వ్యాధి, మధుమేహం, చూపు మందగించడం కూడా చేరుతాయి.

ఈ ప్రాంతానికి సంబంధించిన ఒక విశేషం ఇక్కడ గుర్తుచేయాలి. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు పరిసరాలు ఫ్లోరోసిస్ పీడిత ప్రాంతాలు. అక్కడి నీరు తాగి పెరిగి, తర్వాత ఎల్బీనగర్ వైపు వచ్చి స్థిరపడినవారి కీళ్ళ బిగుతుకు, వెన్ను నొప్పికి సాధారణ అరుగుదల కాక ఫ్లోరైడ్ కారణమై ఉండవచ్చు. కీళ్ళ నొప్పులన్నింటినీ ఒకే పేరుతో పిలిచి ఒకే మందు చూపించే ప్రకటనకు ఈ తేడా పట్టదు. వ్యాధి నిర్ధారణ సరిగా లేనిచోట చికిత్స గురించిన చర్చకే అర్థం ఉండదు.

శాస్త్ర ప్రామాణ్యం విషయంలో భారత వైద్య పరిశోధన మండలి వైఖరి స్పష్టం. రక్తవ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప తక్కినవాటిని నిత్య వైద్యంగా అందించకూడదని, అవి ఆమోదం పొందిన పరిశోధనలుగానే జరగాలని మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ పత్రాల శీర్షిక చరిత్రే ఒక సాక్ష్యం. 2007 నాటి మార్గదర్శకాల శీర్షికలో 'మూలకణ పరిశోధన, చికిత్స' అని ఉండేది. 2013లో 'చికిత్స' అనే మాటను తొలగించి 'మూలకణ పరిశోధన' అని మాత్రమే ఉంచారు. ఒక శాస్త్రసంస్థ తన శీర్షిక నుంచి తొలగించిన మాటనే ప్రకటన తన శీర్షికగా పెట్టుకొంటున్నది. గణనీయంగా మార్పుచేసిన మూలకణాలతో తయారైన ఉత్పత్తులను 2019 నాటి నూతన ఔషధాల, క్లినికల్ ట్రయల్స్ నియమాలు కొత్త మందులుగా పరిగణిస్తున్నాయి. అంటే అనుమతి లేకుండా వాటిని వాడే వీలు లేదు.

సొంత కణాలు కాబట్టి హాని ఉండదన్న వాదానికి ఆధారం లేదని అమెరికా అనుభవం చూపించింది. ఫ్లోరిడాలోని ఒక క్లినిక్‌లో 72 నుంచి 88 ఏళ్ళ మధ్య వయసున్న ముగ్గురు మహిళలు రెటీనా క్షీణతకు చికిత్సగా తమ కొవ్వు నుంచి తీసిన కణాలను కళ్ళలోకి ఎక్కించుకొన్నారు. ముగ్గురూ తీవ్రంగా చూపు కోల్పోయారు. ఈ ఉదంతం 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురితమైంది. అదే రెటీనా క్షీణతకు జపాన్‌లో 2014లో 70వ పడిలో ఉన్న ఒక మహిళకు పరిశోధనలో భాగంగా మూలకణాల నుంచి పెంచిన పొరను అమర్చారు. వ్యాధి ఒకటే, రోగుల వయసూ ఇంచుమించు ఒకటే. ఒకచోట పర్యవేక్షణ ఉంది, మరొకచోట రుసుము ఉంది.

6. బీమా తిరస్కరణకు ఆధారమయ్యే నిబంధనలు:

మోకాలికి ఎక్కించిన మూలకణాల ఖర్చును బీమా సంస్థ తిరస్కరించినప్పుడు సాధారణంగా మూడు నిబంధనలు పనిచేస్తాయి.

మొదటిది, ప్రామాణిక మినహాయింపులలో 16వ సంఖ్య. ప్రభావాన్ని సమర్థించే తగిన వైద్య ఆధారాలు లేని చికిత్సలను ఇది నిరూపితం కాని చికిత్సలుగా పేర్కొని ఖర్చు చెల్లింపు నుంచి మినహాయిస్తుంది.

రెండవది, 'ఆసుపత్రి' నిర్వచనం. చట్టప్రకారం ఆసుపత్రిగా నమోదై ఉండాలి, లేదా నిర్దేశించిన కనీస ప్రమాణాలు పాటించాలి. 10 లక్షలకు మించిన జనాభా ఉన్న హైదరాబాదు వంటి నగరంలో ఆ ప్రమాణాల ప్రకారం కనీసం 15 పడకలు, రాత్రింబవళ్ళు నర్సులు, వైద్యులు, శస్త్రచికిత్సాగారం ఉండాలి. రెండు గదుల క్లినిక్ ఎంత పేరుపొందినా ఈ ప్రమాణాలకు అందదు.

మూడవది, 'డే కేర్' నిర్వచనం. మత్తు ఇచ్చి, 24 గంటల లోపు ముగిసే, పూర్వం అంతకన్నా ఎక్కువ కాలం ఆసుపత్రిలో ఉండవలసి వచ్చిన చికిత్సకే అది వర్తిస్తుంది. బయటి రోగిగా వచ్చి ఇంజెక్షన్ చేయించుకొని వెళ్ళడం అందులోకి రాదు.

ఈ మూడూ తెలిసిన కుటుంబం డబ్బు కట్టకముందే ఫలితాన్ని ఊహించగలదు. మోకాలి మార్పిడి శస్త్రచికిత్స విషయం వేరు. నిర్ణీత నిరీక్షణ కాలం పూర్తయిన తర్వాత దానికి సాధారణంగా బీమా వర్తిస్తుంది. 'ఆపరేషన్ లేని' మార్గం చౌక అనుకొని బీమా వచ్చే చికిత్సను విడిచి, బీమా రాని దానికి దాచుకొన్న సొమ్మును వెచ్చించడం ఇక్కడ జరిగే అసలు నష్టం.

7. రెండు అర్థాల నడుమ:

అన్ని చికిత్సలూ ఈ రెండు గడులలో ఇమడవు. నడుమ ఒక ప్రదేశం ఉంది. బెంగళూరుకు చెందిన స్టెమ్‌ప్యూటిక్స్ సంస్థ దాతల మూలుగ నుంచి రూపొందించిన స్టెమ్‌ప్యూసెల్ అనే మూలకణ ఉత్పత్తికి ట్రయల్స్ తర్వాత మధ్యస్థ దశలలోని, అంటే 2, 3 గ్రేడ్‌ల మోకాలి ఆస్టియో ఆర్థరైటిస్‌కు ఔషధ నియంత్రణాధికారి ఆమోదం లభించింది. 2022లో అది మార్కెట్లోకి వచ్చింది. అలాంటి ఉత్పత్తిని 'నిరూపితం కానిది' అని ఒక్క మాటతో తోసిపుచ్చడం కష్టం. అయితే అది రక్తవ్యాధికి సంబంధించినది కాదు కాబట్టి 2019 జాబితా హామీ దానికి లేదు. బయటి రోగి చికిత్సగా పరిగణిస్తే మూడవ నిబంధన అడ్డు వస్తుంది. దీన్ని వాడదలచినవారు సంస్థ నుంచి ముందుగానే రాతపూర్వక సమాధానం తీసుకోవడం అవసరం.

హైదరాబాదులోనే మరొక ఉదాహరణ ఉంది. రసాయనాలు, సున్నం పడి కంటి నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు నశించినప్పుడు, ఆరోగ్యవంతమైన కంటి నుంచి చిన్న ముక్క తీసి అతికే స్లెట్ అనే సరళమైన పద్ధతిని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 2012లో ప్రపంచానికి అందించారు. ఇది మూలుగకు సంబంధించినది కాదు, అయినా గాలిలో మేడ కాదు. శస్త్రచికిత్సాగారంలో జరిగే ప్రచురిత పద్ధతి. జాబితా కనిష్ఠ హద్దు మాత్రమే అన్న తర్కం ఇలాంటి సందర్భాలలోనే అక్కరకు వస్తుంది.

అమెరికాలో 65 ఏళ్ళు పైబడినవారికి వర్తించే మెడికేర్ పథకం మైలోడిస్‌ప్లాసియాకు దాత కణాల మార్పిడి విషయంలో 2010లో ఒక మధ్యేమార్గం అనుసరించింది. ఆమోదిత అధ్యయనంలో భాగంగా జరిగితే ఖర్చు చెల్లిస్తామన్నది. రోగికి చికిత్స, శాస్త్రానికి ఆధారం ఒకేసారి లభించే పద్ధతి ఇది. మన జాబితా సవరణకు ఇది ఆలోచించదగిన నమూనా.

8. వర్తించినా ఎంత వర్తిస్తుంది?

మూలుగ మార్పిడికి బీమా వర్తిస్తుందని తెలిసినంత మాత్రాన మొత్తం ఖర్చు వస్తుందని అర్థం కాదు. ఆధునిక చికిత్సలకు ఉప పరిమితి పెట్టుకొనే వెసులుబాటును 2019 మార్గదర్శకాలే సంస్థలకు ఇచ్చాయి. 2020 ఏప్రిల్ నుంచి అందుబాటులోకి వచ్చిన ప్రామాణిక పాలసీ ఆరోగ్య సంజీవని దీనికి మంచి ఉదాహరణ. అందులో ఈ చికిత్సలకు బీమా మొత్తంలో 50 శాతమే పరిమితి, ప్రతి క్లెయిములో 5 శాతం సహ చెల్లింపు. 5 లక్షల రూపాయల పాలసీ ఉన్న వ్యక్తికి మూలుగ మార్పిడి జరిగితే పరిమితి 2,50,000 రూపాయలు. అందులో 5 శాతం పోగా చేతికి వచ్చేది 2,37,500 రూపాయలు. ఆసుపత్రిలో చేరక ముందు 30 రోజులు, తర్వాత 60 రోజుల ఖర్చులే లెక్కలోకి వస్తాయి. మార్పిడి తర్వాతి మందులు, పరీక్షలు అంతకన్నా చాలాకాలం సాగుతాయి. దాత అవసరమైనప్పుడు దాత పరీక్షల ఖర్చు, కణాల సేకరణ ఖర్చు ఎవరివో పాలసీలో విడిగా చూడాలి.

వృద్ధులకు అనుకూలమైన మార్పులూ ఇటీవల వచ్చాయి. 2024 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనల ప్రకారం సంస్థలు అన్ని వయసులవారికీ తగిన పాలసీలు అందుబాటులో ఉంచాలి; కొత్త పాలసీకి ప్రవేశ వయసు కనీసం 65 ఏళ్ళ వరకు ఉంటే చాలన్న పాత నిబంధన తొలగింది. ముందునుంచీ ఉన్న వ్యాధులకు గరిష్ఠ నిరీక్షణ కాలం 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గింది. 60 నెలలు నిరంతరాయంగా పాలసీ కొనసాగితే, మోసం రుజువైతే తప్ప, వివరాలు దాచారన్న కారణంతో క్లెయిమును ప్రశ్నించే వీలు లేదు. వయోవృద్ధుల ప్రీమియాన్ని సంప్రదింపులు లేకుండా ఏడాదికి 10 శాతానికి మించి పెంచరాదని 2025 జనవరిలో ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై 18 శాతం జీఎస్టీ రద్దయింది.

ప్రభుత్వ పథకాలలో ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. 70 ఏళ్ళు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది. ప్రైవేటు పాలసీ ఉన్నా దీనికి అర్హత పోదు. ఈ పథకాలు ప్యాకేజీల ఆధారంగా నడుస్తాయి. కాబట్టి 'మూలకణ చికిత్స ఉందా?' అని కాక, వ్యాధి పేరు చెప్పి దానికి మార్పిడి ప్యాకేజీ ఉందా అని ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి.

9. తిరస్కరిస్తే మార్గం:

2024 మే నాటి మాస్టర్ సర్క్యులర్ ప్రకారం నగదురహిత చికిత్స అభ్యర్థనపై సంస్థ గంటలోగా నిర్ణయం తెలపాలి. క్లెయిముల సమీక్షా సంఘం ఆమోదం లేకుండా క్లెయిమును తిరస్కరించకూడదు. ఏ నిబంధన ప్రకారం తిరస్కరించారో రాతపూర్వకంగా చెప్పాలి. వృద్ధులు మొదట కోరవలసినది ఆ నిబంధన సంఖ్యనే.

సంస్థకు రాసిన ఫిర్యాదుకు నెలలోగా సమాధానం రాకపోయినా, వచ్చిన సమాధానం తృప్తి కలిగించకపోయినా ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకు చెందిన ఆ కార్యాలయం లక్డీకాపూల్ దగ్గర ఏసీగార్డ్స్‌లో, ఎల్బీనగర్ నుంచి వచ్చే అదే మెట్రో మార్గానికి చేరువలో ఉంది. రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు, 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది. వినియోగదారుల కమిషన్ మరొక మార్గం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వల్ల ఫిర్యాదుదారు తాను నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల వరకు రుసుము లేదు.

10. భాష చేయగల పని:

2024 జనవరి 1 నుంచి ప్రతి పాలసీతోను సరళమైన సమాచార పత్రం ఇవ్వాలి. పాలసీదారు కోరితే దాన్ని స్థానిక భాషలో అందించాలి. తెలుగులో పత్రం కావాలని అడిగే హక్కు ఉన్నదన్న మాట. అయితే ఆ తెలుగు ఎలా ఉండాలన్నది తెలుగు శాఖలకు సంబంధించిన ప్రశ్న. ఆంగ్లంలోని అస్పష్టతను యథాతథంగా దింపుకొంటే అనువాదం జరిగినా ప్రయోజనం నెరవేరదు.

అందువల్ల ఈ వ్యాసం ఒక పారిభాషిక ప్రతిపాదన చేస్తున్నది. పాలసీ హామీ ఇచ్చే చికిత్సను 'రక్తమూలకణ మార్పిడి' లేదా 'మూలుగ మార్పిడి' అనాలి. ఔషధ ఆమోదం పొందిన వాటిని 'ఆమోదిత మూలకణ ఔషధం' అనాలి. తక్కినవాటిని 'మూలకణ ప్రయోగం' అనాలి. 'మూలకణ చికిత్స' అనే మాటను విశేషణం లేకుండా వాడకూడదు. 'చికిత్స' అన్నప్పుడు ఫలితం, 'ప్రయోగం' అన్నప్పుడు అనిశ్చితి స్ఫురిస్తాయి. ఆ అనిశ్చితి రోగికి ముందుగా తెలియడం అతని హక్కు. ప్రయోగమే అయితే అది భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి, నైతికతా సంఘం అనుమతి ఉండాలి, పాల్గొన్నవారికి హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం లభించాలి. ప్రయోగానికి రోగి నుంచే రుసుము కోరుతున్నారంటే అక్కడే ఆగి ఆలోచించాలి.

11. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. బీమా పాలసీలోని 'మూలకణ చికిత్స' రక్తవ్యాధులకు చేసే మూలుగ మార్పిడికి మాత్రమే హామీ ఇస్తున్నది. ప్రకటనలోని మాటకు ఆ హామీ లేదు.

2. 2019 జాబితా కనిష్ఠ హద్దు. అందులో లేనంత మాత్రాన ఆమోదం పొందిన చికిత్సను తిరస్కరించడం న్యాయం కాదు. తిరస్కారానికి నిర్దిష్ట నిబంధన చూపాలి.

3. నిరూపితం కాని చికిత్సల మినహాయింపు వృద్ధులకు వ్యతిరేకమైనది కాదు, ఒక విధంగా రక్షణ. ఉప పరిమితులు, సహ చెల్లింపు మాత్రం నిరూపితమైన చికిత్సను కూడా సామాన్యుడికి అందకుండా చేస్తున్నాయి. చర్చ జరగవలసినది వీటి మీద.

4. చికిత్సకు ఒప్పుకొనే ముందు అడగవలసిన ప్రశ్నలు నాలుగు: ఏ కణాలు? ఎవరి నుంచి, శరీరంలో ఎక్కడి నుంచి తీసినవి? ఏ వ్యాధికి? ఎవరి ఆమోదంతో? ఈ నాలుగింటికి రాతలో సమాధానం లభిస్తే బీమా వస్తుందో రాదో చాలావరకు తెలిసిపోతుంది.

5. తెలుగు సమాచార పత్రాన్ని కోరి తీసుకోవడం పాలసీదారు చేయవలసిన పని. ఆ పత్రంలోని ప్రతి మాటా ఒకే అర్థం ఇచ్చేలా చూడడం పారిభాషిక పద నిర్మాణంలో కృషి చేసే తెలుగు పరిశోధకుల పని. మందు పేరు తప్పు రాస్తే జరిగే హాని అందరికీ తెలుసు. చికిత్స పేరు అస్పష్టంగా రాస్తే జరిగే హాని కూడా అంతకు తక్కువది కాదు.